స్లోలో నిలబడని పాత బండి: నా అనుభవం

చల్లగా ఉన్నప్పుడు చోక్ వేసి కిక్ కొడితే స్టార్ట్ అవుతుంది. చోక్ తీస్తే ఆగిపోతుంది. సగం చోక్‌లో కాసేపు వేడెక్కనిస్తే ఎలాగో నిలబడుతుంది. రోడ్డెక్కాక ఏ లోటూ ఉండదు, మూడో గేర్‌లోనూ నాలుగో గేర్‌లోనూ హాయిగా లాగుతుంది. ఎక్కడైనా ఆపి యాక్సిలరేటర్ వదిలామా, ఒకటి రెండుసార్లు ఊగి ఆగిపోతుంది. వేడి మీద మళ్లీ స్టార్ట్ చేయాలంటే కాలు నొప్పి పుట్టేదాకా కొట్టాలి. ఇదీ నా పాత వంద సీసీ బండి పరిస్థితి: స్లోలో, అంటే యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు, నిలబడదు. గాలినీ పెట్రోల్‌నీ కలిపి ఇంజన్‌కి ఇచ్చే కార్బురేటర్ ఉన్న బండి, ఫోర్ స్ట్రోక్, ఒకే సిలిండర్.

మెకానిక్‌కి చూపిస్తే స్లో స్క్రూ బిగించి ఇచ్చాడు. ఆగిపోవడం తగ్గింది. కానీ నిలబడి ఉన్నప్పుడు కూడా ఇంజన్ అరుస్తూనే ఉండేది, మొదటి గేర్ వేస్తే ఠక్కుమని కుదిపేది. స్లో స్క్రూ చేసే పని ఒక్కటే: మనం యాక్సిలరేటర్ వదిలేసినా కార్బురేటర్ లోపల దారిని తెరిచి మూసే స్లైడ్‌ను కాస్త పైకి ఎత్తి పట్టుకుంటుంది. జబ్బు అలాగే ఉంటుంది, మనకు వినిపించకుండా పోతుంది, అంతే. పాత బండికి ఇలా చేసి పంపేయడం నాకు నిజంగా బాధ అనిపిస్తుంది. అందుకే ఆ స్క్రూను మళ్లీ మామూలు స్థాయికి దించి, ఈసారి నేనే చూద్దామని కూర్చున్నాను.

పానా పట్టుకునే ముందు ఆలోచించాల్సింది చోక్ గురించి. చోక్ వేస్తే గాలి దారి మూసుకుపోతుంది, ఇంజన్ గట్టిగా పీలుస్తుంది, పెట్రోల్ ఎక్కువగా వస్తుంది. చోక్‌తో నిలబడే ఇంజన్, అది తీస్తే వేడెక్కాక కూడా స్లోలో ఆగిపోతోందంటే దానికి మిశ్రమం పలచగా అందుతోందన్నమాట. అలా అందడానికి రెండే కారణాలు. పెట్రోల్ తక్కువ వస్తూ ఉండాలి, లేదా లెక్కలో లేని గాలి ఎక్కడినుంచో లోపలికి దూరుతూ ఉండాలి. ఇంకో ఆధారం కూడా ఉంది. స్పీడులో బాగా లాగుతోంది కాబట్టి అప్పుడు పెట్రోల్ ఇచ్చే మెయిన్ జెట్ (సన్నటి రంధ్రమున్న ఇత్తడి ముక్క), ట్యాంకు నుంచి వచ్చే పెట్రోల్ దాదాపు బాగున్నట్టే. యాక్సిలరేటర్ మూసి ఉన్నప్పుడు, కొంచెమే తెరిచినప్పుడు పెట్రోల్ ఇచ్చేది పైలట్ జెట్. దీన్నే స్లో జెట్ అని కూడా అంటారు. నా అనుమానం మొదట దాని మీదికే వెళ్లింది.

అయినా ముందు స్పార్క్ ప్లగ్ విప్పాను, ఎందుకంటే అది తేలిక. రంగు లేత గోధుమగా, ఆరోగ్యంగానే ఉంది. అది స్పీడులో నడిచినప్పటి రంగు కాబట్టి స్లోలో ఏం జరుగుతోందో దాన్నిబట్టి తెలియదు. ప్లగ్ కొనల మధ్య గ్యాప్ మాత్రం బాగా పెరిగింది. 0.7 మిల్లీమీటర్లకు సరిచేశాను. ప్లగ్ క్యాప్‌ను వైరు నుంచి మర తిప్పి తీస్తే వైరు చివర ఆకుపచ్చగా చిలుము పట్టి ఉంది. అర సెంటీమీటరు కత్తిరించి, కొత్త రాగి కనిపించాక క్యాప్ మళ్లీ ఎక్కించాను. ప్లగ్‌ను హెడ్‌కి, అంటే ఇంజన్ పైభాగానికి, ఆనించి కిక్ కొడితే నీలం నిప్పురవ్వ చిటపటమంటూ వచ్చింది. (ఈ పరీక్ష చేసేటప్పుడు దగ్గర్లో పెట్రోల్ చుక్క కూడా ఉండకూడదు. ప్లగ్ మూతిని ప్లగ్ విప్పిన రంధ్రానికి దూరంగా పెట్టాలి.) స్టార్టింగ్ కొంచెం మెరుగైంది గానీ స్లో మారలేదు.

తర్వాత కార్బురేటర్. అడుగున ఉండే డ్రెయిన్ స్క్రూ వదులు చేసి పెట్రోల్‌ను గాజు సీసాలో పట్టాను. పచ్చగా, పుల్లటి వాసనతో ఉంది, అడుగున తుప్పు రేణువులు కనిపించాయి. ఎక్కువ కాలం కదలకుండా ఉన్న బండిలో పెట్రోల్ ఆవిరై, మిగిలిన భాగం వార్నిష్ లాగా అంటుకుపోతుంది. అది ముందుగా మూసేది అన్నిటికన్నా చిన్న రంధ్రాన్నే. పైలట్ జెట్ రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఇత్తడి జెట్ కాబట్టి గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్‌తోనే విప్పాలి, లేకపోతే గాడి చెరిగిపోతుంది. విప్పి వెలుతురుకు అడ్డంగా పెట్టి చూశాను. మెయిన్ జెట్‌లోంచి ఆకాశం గుండ్రంగా కనిపించింది. పైలట్ జెట్‌లోంచి ఏమీ కనిపించలేదు.

ఇక్కడ తొందరపడి ఇనుప తీగ దూర్చొద్దని నా మనవి. రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా దాని లెక్క తప్పుతుంది, ఆ తర్వాత ఎంత ట్యూన్ చేసినా కుదరదు. జెట్‌ను కార్బురేటర్ క్లీనర్‌లో నానబెట్టి గాలి కొట్టాను, మళ్లీ నానబెట్టాను. వెలుతురు సూది మొనంత కనిపించాక ఆపాను. జెట్ ఒక్కటే శుభ్రం చేస్తే పని సగమే అయినట్టు. జెట్ కూర్చునే రంధ్రంలోకి స్ప్రే కొడితే, స్లైడ్ దగ్గర ఇంజన్ వైపున్న సన్నటి రంధ్రంలోంచి ధార బయటికి రావాలి. స్లోలో మిశ్రమాన్ని సరిచేసే మిక్స్చర్ స్క్రూ విప్పి ఆ రంధ్రంలో కొట్టినా రావాలి. నాకు మొదట చెమ్మ మాత్రమే వచ్చింది. గాలి, స్ప్రే మార్చి మార్చి కొట్టాక నల్లటి మడ్డి కొంచెం ఊడిపడి, ధార సూటిగా వచ్చింది. ఆ క్షణంలో కలిగిన సంతోషం చెప్పలేను. కళ్లద్దాలు తప్పనిసరి, ఎందుకంటే ఆ స్ప్రే ఏ రంధ్రంలోంచి తిరిగొచ్చి మొహాన పడుతుందో తెలియదు. ఓ రింగులు, రబ్బరు భాగాలన్నీ ముందే తీసి పక్కన పెట్టుకోవాలి, క్లీనర్ తగిలితే రబ్బరు ఉబ్బుతుంది. కార్బురేటర్‌లో పెట్రోల్ మట్టాన్ని చూసుకునే ఫ్లోట్, దాని నీడిల్ బాగానే ఉన్నాయి.

బిగించి కొడితే వెంటనే అందుకుంది, చోక్ కూడా త్వరగా తీయగలిగాను. కానీ వేడెక్కాక స్లో నిలకడగా లేదు. ఒకసారి పెరుగుతుంది, ఒకసారి పడిపోతుంది. యాక్సిలరేటర్ తిప్పి వదిలితే శబ్దం వెంటనే దిగకుండా, నెమ్మదిగా, వెళ్లాలా వద్దా అన్నట్టు దిగుతోంది. యాక్సిలరేటర్ కేబుల్ పట్టేయడం లేదని చూసుకున్నాను, స్లైడ్ టక్కుమని కింద పడుతోంది. ఇక మిగిలింది రెండో అనుమానం, లెక్కలో లేని గాలి.

దీనికి పెట్రోల్ గానీ క్లీనర్ స్ప్రే గానీ వేడి ఇంజన్ మీద కొట్టేవాళ్లున్నారు. మంటలు లేస్తాయి, నేను ఆ జోలికి పోను. స్ప్రే సీసాలో నీళ్లు పోసి, బండి స్లోలో ఉండగా కార్బురేటర్‌కీ హెడ్‌కీ మధ్య ఉన్న రబ్బరు మ్యానిఫోల్డ్ చుట్టూ సన్నగా కొట్టాను. కింది వైపు తడిసిన వెంటనే ఇంజన్ శబ్దం మారింది. పగుళ్లలో నీళ్లు నిలిచి కాసేపు గాలిని ఆపుతాయి కాబట్టి అలా మారుతుంది. మ్యానిఫోల్డ్ విప్పి చేత్తో వంచితే గానీ పగులు కనిపించలేదు, మామూలుగా చూస్తే రబ్బరు నున్నగానే ఉంది. దాని ఓ రింగ్ కూడా నలిగి చదునైపోయింది. రెండూ కొత్తవి వేశాను. రెండు బోల్టులనూ కొంచెం కొంచెంగా, మార్చి మార్చి బిగించాలి. ఒకదాన్నే ముందు బిగిస్తే ఫ్లాంజ్ (బోల్టులు పట్టే అంచు) వంగి మళ్లీ గాలి పీలుస్తుంది.

వేడి మీద కిక్ అందుకోకపోవడం అనే ముడి ఇంకా విడలేదు. వాల్వులను నొక్కే ట్యాపెట్లు శబ్దం చేయడం లేదు కాబట్టి బాగున్నాయని చాలామంది అనుకుంటారు. పాత ఇంజన్‌లో వాల్వు క్రమంగా సీటులోకి దిగుతుంది, దాంతో వాల్వుకీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య గ్యాప్ తగ్గుతూ పోతుంది. శబ్దం లేకపోవడం ఒక్కోసారి ఆందోళన పడాల్సిన విషయమే. వేడెక్కి వాల్వు కాడ సాగితే ఉన్న కాస్త గ్యాప్ కూడా పోయి, వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్, అంటే సిలిండర్‌లో మిశ్రమాన్ని అదిమే ఒత్తిడి, జారిపోతుంది. ఇంజన్ పూర్తిగా చల్లారాక, పిస్టన్ పైకొచ్చిందని చెప్పే, మ్యాగ్నెట్ (ఇంజన్‌తో తిరిగే చక్రం) మీది ‘టీ’ గుర్తును గీతకు ఎదురుగా తెచ్చి, కంప్రెషన్ స్ట్రోక్‌లోనే ఉందని వాల్వులను నొక్కే రెండు రాకర్లనూ కదిపి చూసుకున్నాను. నా బండి మాన్యువల్ ప్రకారం గ్యాప్ 0.05 మిల్లీమీటర్లు, వేరే ఇంజన్లకు వేరేగా ఉంటుంది. ఎగ్జాస్ట్ (పొగ వెళ్లే) వాల్వు వైపు ఫీలర్ గేజ్, అంటే గ్యాప్ కొలిచే పలచటి రేకు, అసలు దూరలేదు. సరిచేసి, లాక్ నట్ బిగించాక మళ్లీ కొలిచాను, ఎందుకంటే బిగించేటప్పుడు స్క్రూ కదులుతుంది.

ఇంత అయ్యాకే మిక్స్చర్ స్క్రూ జోలికి వెళ్లాను. నా కార్బురేటర్‌లో అది ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంది. అంటే అది గాలి స్క్రూ: బయటికి తిప్పితే మిశ్రమం పలచనవుతుంది. ఇంజన్ వైపు ఉండే స్క్రూ పెట్రోల్‌ది, దానికి లెక్క తిరగబడుతుంది. ఇది తెలుసుకోకుండా తిప్పితే అంతా అయోమయమే. మెల్లగా ఆనేదాకా మూసి, ఒకటిన్నర చుట్లు తెరిచాను. ఒక రౌండు తిరిగొచ్చి, వేడి మీద పావు చుట్టు చొప్పున తిప్పుతూ స్లో ఎక్కడ ఎక్కువగా, నున్నగా వినిపిస్తుందో అక్కడ వదిలాను. అప్పుడు స్లో స్క్రూతో సుమారు 1400 ఆర్‌పీఎంకు దించాను.

ఇప్పుడు పొద్దున చోక్ వేసి కొడితే అందుకుంటుంది, కాసేపటికే చోక్ తీసేస్తున్నాను, వేడి మీద అయితే చోక్ అవసరమే లేదు. యాక్సిలరేటర్ వదిలితే శబ్దం వెంటనే దిగి అక్కడే నిలబడుతుంది. సీసాలో కనిపించిన ఆ తుప్పు ట్యాంకులోంచి వచ్చిందే కాబట్టి పెట్రోల్ పైపు మధ్యలో చిన్న ఫిల్టర్ పెట్టాను, ట్యాంకు కడగడం ఇంకా మిగిలి ఉంది. కొన్ని వారాలు తీయనని తెలిస్తే ట్యాప్ మూసి, డ్రెయిన్ స్క్రూతో కార్బురేటర్ ఖాళీ చేసి పెడుతున్నాను.