గునుగుకు నారు

ఇక్కడ అమెరికాలో, మా గ్రీన్‌హౌస్‌లో నారు పోసుకునే తన ట్రేలో ఈసారి బతుకమ్మ పూలు వేయనని మా అమ్మాయి చెప్పేసింది. "బంతి మనది కాదమ్మా, మెక్సికోది. మిర్చి, టమాటా కూడా అటువైపువే. స్కూల్లో చెప్పారు."

చెప్పింది నిజమే. బంతి పుట్టిల్లు మెక్సికోనే. మిర్చిని మన దేశానికి 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు తెచ్చారు. అయినా నాకు ఊరుకోబుద్ధి కాలేదు. సీజన్‌లో మా వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డంతా మిర్చితో ఎలా ఎర్రబడుతుందో చెప్పాను. గుండ్రంగా ఉండే మన చపాటా మిర్చికి 2025లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిందని కూడా చెప్పాను. ఎక్కడి నుంచి వచ్చినా, వచ్చిన నేలలో నిలదొక్కుకుంటే ఆ నేలదే అవుతుందన్నాను.

"అయితే నేనూ ఇక్కడిదాన్నే కదా" అంది.

దానికి నా దగ్గర జవాబు లేదు.

నా పట్టుదలంతా బతుకమ్మ గురించే. ఇక్కడ చాలామందిమి స్టోర్ నుంచి చామంతి గుత్తులు తెచ్చి పేర్చుకుంటాం. తప్పేం లేదు. కానీ హనుమకొండలో పుట్టి, మొదటి రోజు పెత్రమాస (మహాలయ అమావాస్య) నాడు వేయిస్తంభాల గుడి దగ్గర ఎంగిలిపూల బతుకమ్మ ఆడి, చివరి రోజు సద్దుల నాడు పద్మాక్షి గుట్ట కింద జనంలో అమ్మ కొంగు పట్టుకుని నడిచినదాన్ని. ఒక్క వరుసైనా పెరట్లో పూసిన పూలతో పేర్చాలని ఉంటుంది. అందుకు క్యాలెండర్‌తో కుస్తీ పట్టాలి. 2024లో బతుకమ్మ అక్టోబర్ 2న మొదలైంది, 2025లో సెప్టెంబర్ 21నే వచ్చేసింది. మా ఇల్లినాయిలో మదర్స్ డే దాటేదాకా ఫ్రాస్ట్ భయం పోదు. అక్టోబర్ నడిమికల్లా మళ్లీ ఆ భయం మొదలు. ఆ మధ్యలోనే మొక్క పెరగాలి, పూయాలి. అందుకే గ్రీన్‌హౌస్.

బంతితో పేచీ లేదు. కాస్త వెచ్చగా ఉంటే వారంలోపే మొలుస్తుంది. మిర్చికి ఓపిక కావాలి. అడుగున హీట్ మ్యాట్ వేసి 25 డిగ్రీల పైన ఉంచినా రెండు వారాలు పట్టొచ్చు. బయట ఇంకా మంచు ఉన్నా, మార్చి ఎండకు లోపల ఒక్కసారిగా వేడెక్కిపోతుంది. తలుపు తీయడం మరిచిపోతే నారు వాడిపోతుంది. నీళ్లు పైనుంచి కాకుండా అడుగు ట్రేలో పోస్తే నారుకుళ్లు తెగులు తగ్గుతుంది. నాటే ముందు ఓ వారం పది రోజులు రోజూ కాసేపు బయట పెట్టి గాలికి, ఎండకు అలవాటు చేయాలి.

నేను ఎక్కువ టెన్షన్ పడేది బతుకమ్మలో వరుసలుగా పేర్చే గునుగు పువ్వు గురించే. దాని గింజ ఆవగింజలో సగం కూడా ఉండదు. నల్లగా మెరుస్తుంది, తడి వేలికి అంటుకుంటే ఓ పట్టాన వదలదు. నిరుటిదాకా ఈ పని మా అమ్మాయిదే. టూత్‌పిక్ కొన తడిపి, ఒక్కో గింజను దానికి అంటించి, ట్రేలో ఒక్కో గుంటలో దించేది. ఊపిరి బిగబట్టి చేసేది. పైన మట్టి కప్పీ కప్పనట్టు చల్లాలి. చలి తగిలినా, వేర్లు ఇరుకైనా గునుగు ఎదగడం మానేసి, జానెడు కూడా కాకముందే కంకి వేసేస్తుంది. అలాంటిది బతుకమ్మకు పనికిరాదు.

ఇదంతా ఫోన్‌లో అమ్మకు చెబితే, "గునుగుకు నారు పోసుడేందే? చెల్కల్ల దానంతటదే మొలుస్తది, పీకలేక సస్తరు" అంది.

ఆ మాట నన్ను వదల్లేదు. అవును, మాకు గునుగు ఎవరూ నేర్పలేదు. మక్క చేన్లలో, పత్తి చేన్లలో అది కలుపు మొక్క. పిల్లలమంతా కలిసి గట్ల వెంట తిరిగి ఒళ్లు నింపుకొచ్చేవాళ్లం. మాకు ఊరికే దొరికిన సంతోషాన్ని నా కూతురికి హీట్ మ్యాట్ మీద పెట్టి, తేదీలు రాసి, హోమ్‌వర్క్‌లా ఇస్తున్నానా? స్నేహితులు అడిగితే, పిల్లలకు ఒక ట్రే ఇచ్చి వాళ్ల ఇష్టానికి వదిలేయండని ఇప్పటికీ చెబుతాను. మా ఇంట్లో మాత్రం ట్రే తనది, అందులో ఏం వేయాలన్నది నాది.

పైగా నా బతుకమ్మలో తంగేడే ఉండదు. తెలంగాణ రాష్ట్ర పుష్పం, బతుకమ్మకు ముందు గుర్తొచ్చే పువ్వు అది. ఈ చలికి బయట బతకదు. ఆ లోటుతో నేను ఏటా సర్దుకుంటూనే ఉన్నాను. నేను సర్దుకుంటే పండుగ, తను సర్దుకుంటే పండుగ పోయినట్టా?

ట్రే తనకే వదిలేశాను. పొద్దుతిరుగుడు వేస్తానంటోంది. ఉత్తర అమెరికాలో పుట్టిన మొక్క అని తనే చదువుకుంది. దానికి తల్లివేరు తొందరగా దిగుతుంది, ట్రేలో ఎక్కువ కాలం ఉంచకూడదు, నేల వెచ్చబడ్డాక నేరుగా గింజ పెడితే ఇంకా మంచిదని చెప్పాను. అక్కడితో ఆగాను. మేలో వేస్తే జూలై, ఆగస్టుల్లో పూసి అయిపోతుంది. బతుకమ్మ నాటికి పువ్వు కావాలంటే జూలైలో మళ్లీ కొన్ని గింజలు వేయాలి. ఆ సంగతి ఇంకా చెప్పలేదు. చెబితే తన పూలను కూడా నా తాంబాలంలోకి లాక్కున్నట్టవుతుందేమో. చెప్పకపోతే, పండుగ నాడు "ముందే ఎందుకు చెప్పలేదమ్మా" అని తనే అడుగుతుందేమో.