ఎరువు వేశాక నిమ్మాకు మాడితే

ఎరువు వేసిన కొద్ది రోజులకే నిమ్మ, బత్తాయి ఆకుల కొనలు గోధుమ రంగుకి తిరిగి, ఆ మాడు అంచుల వెంట పాకుతోందా? తెగులు మందు కోసం పరుగెత్తకండి. చాలాసార్లు అది ఉప్పు దెబ్బే. వేర్ల దగ్గర ఎరువు చిక్కగా కరిగితే, నేల తడిగా ఉన్నా వేరు నీళ్లు పీల్చుకోలేదు. పొటాష్ ఎరువుల్లో మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌తో ఈ గొడవ ఎక్కువ, అందులోని క్లోరైడ్ నిమ్మజాతికి పడదు. సల్ఫేట్ ఆఫ్ పొటాష్ ఖరీదైనా నయం.

యూరియా పిచికారీ తర్వాత కొన మాత్రమే పసుపెక్కి, ఆకు మొదలు పచ్చగా ఉంటే యూరియా తయారీలో పుట్టే మలినం బైయూరెట్‌ని అనుమానించండి. ఆకుల మీద కొట్టే యూరియాలో అది 0.25 శాతం దాటకూడదు. ఆ ఆకులు మళ్లీ పచ్చబడవు, ఎదురుచూడటం దండగ.

ఉప్పు దెబ్బయితే పైన మిగిలిన గుళికలు ఏరేసి, పాదు నిండా నీళ్లు పెట్టి ఇంకనివ్వాలి, ఇంకాక మరోసారి. నీరు కిందికి దిగని బంకనేలలో మాత్రం ఇలా ముంచితే వేరు కుళ్లుతుంది. మాడిన కొమ్మలు ఇప్పుడే కత్తిరించొద్దు, ఏది బతికిందో చిగురు వచ్చాకే తెలుస్తుంది. మళ్లీ ఎరువు కూడా అప్పుడే: సగం మోతాదు, మొదలుకి దూరంగా, కొమ్మల చివర్ల కింద, తడి నేలలో.