జమ్మి పెట్టేటప్పుడు పార్టీ అడగరు

భీష్మపర్వం మొదటి అధ్యాయంలో, భగవద్గీత ఇంకా మొదలు కాకముందే, ఒక ఒప్పందం కనిపిస్తుంది. కురుక్షేత్రంలో రెండు సేనలూ దిగాయి. అటు 11 అక్షౌహిణులు, ఇటు 7. ఒకరినొకరు చంపుకోవడానికే వచ్చారు. అయినా ముందుగా ఇరువైపులవాళ్లూ కలిసి కట్టుబాట్లు పెట్టుకున్నారు. రథం మీదివాడు రథం మీదివాడితోనే తలపడాలి. ఆయుధం పోయినవాణ్ణి, వెన్ను చూపినవాణ్ణి, సారథిని, భేరి మోగించేవాణ్ణి కొట్టకూడదు. వీటన్నిటికంటే ముందు ఒప్పుకున్నది ఇదీ:

"నివృత్తే విహితే యుద్ధే స్యాత్ప్రీతిర్నః పరస్పరమ్"

యుద్ధం ఆగాక మనలో మనకు ప్రేమ ఉండాలి అని. ఆ వెనకే ఇంకో మాట:

"వాచా యుద్ధప్రవృత్తానాం వాచైవ ప్రతియోధనమ్"

మాటలతో యుద్ధానికి దిగినవాళ్లను మాటలతోనే ఎదుర్కోవాలి అని.

ఇది చదివినప్పుడల్లా నాకు మన స్నేహితుల వాట్సాప్ గ్రూపులే గుర్తొస్తాయి. తెలంగాణలో 2023 నవంబరు 30న, ఆంధ్రప్రదేశ్‌లో 2024 మే 13న పోలింగ్ అయిపోయింది. రెండు చోట్లా ప్రభుత్వాలు మారాయి. పదో తరగతి బ్యాచ్ గ్రూపుల్లో మాత్రం ప్రచారం ఇంకా ముగియలేదు. ఒకరు పింఛన్ల గురించో, రాజధాని గురించో ఒక ప్రశ్న వేస్తారు. దానికి జవాబు రాదు. "నీకెంత ముట్టింది?" అని వస్తుంది. ఆ తర్వాతి మెసేజ్‌లో కులం, దాని తర్వాత ఇంట్లో ఆడవాళ్ల ప్రస్తావన. తెల్లారేసరికి ముప్పై ఏళ్ల స్నేహితుడు గ్రూపులో ఉండడు. ఊళ్లో ఉన్నవాళ్లకూ ఇదే, డల్లాస్‌లో ఉన్నవాళ్లకూ ఇదే. ప్రశ్న వేసినవాడి చేతిలో ఉన్నది ఆ ప్రశ్న ఒక్కటే కదా. దాన్ని వదిలేసి అతని పుట్టుక మీద కొడితే, ఆ పాత కట్టుబాటు ప్రకారం అది నిరాయుధుణ్ణి కొట్టడమే.

చాలా గ్రూపుల్లో అడ్మిన్లు "రాజకీయాలు వద్దు" అని రూల్ పెట్టేశారు. గొడవలైతే తగ్గాయి. కానీ అది నాకు మింగుడుపడదు. సాగునీళ్లు, పిల్లల ఫీజులు, రేషన్ బియ్యం గురించి స్నేహితులతో కాక ఇంకెవరితో మాట్లాడాలి? మనసు విప్పి వాదించుకోలేని చోట మిగిలేది పుట్టినరోజు శుభాకాంక్షలు, గుడ్ మార్నింగ్ బొమ్మలే.

దసరా సాయంత్రం జమ్మి పూజలో దీనికి దారి ఉందని నా నమ్మకం. తెలంగాణ ఊళ్లలో "శమీ శమయతే పాపం" శ్లోకం చీటీ మీద రాసి కొమ్మకు కడతారు. ఆకు తెంపుకొచ్చి, దాన్నే బంగారం అంటూ పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతారు. దోస్తులైతే చేతిలో పెట్టి అలయ్ బలయ్ తీసుకుంటారు, అంటే కౌగిలించుకుంటారు. అజ్ఞాతవాసానికి వెళ్తూ పాండవులు ఆయుధాలు దాచింది ఆ చెట్టు మీదే. దాచారంతే. గాండీవాన్ని విరవలేదు, రాజ్యం మీద హక్కు వదులుకోలేదు. సమయం వచ్చినప్పుడు అర్జునుడు ఉత్తరుణ్ణి చెట్టెక్కించి దింపించుకున్నాడు. జమ్మి పెట్టినంత మాత్రాన ఎవరి అభిప్రాయమూ మారక్కర్లేదు. బీజేపీ నాయకుడు బండారు దత్తాత్రేయ 2005లో మొదలుపెట్టిన అలయ్ బలయ్ అనే దసరా కలయికకి హైదరాబాద్‌లో అన్ని పార్టీల నాయకులూ వచ్చి పలకరించుకుంటారు. వాళ్ల కోసం మాటలు మానుకున్న మనం అది టీవీలో చూస్తాం.

ఒక ఊళ్లో జమ్మి చెట్టు దగ్గర చూశాను. ఎన్నికల్లో చెడిన ఇద్దరు స్నేహితులు. ఒకాయన వరసగా అందరికీ ఆకు పెడుతూ వచ్చి, రెండో ఆయన దగ్గర ఆగాడు. పక్కనున్న పిల్లాడి చేతిలో రెండు రెమ్మలు పెట్టి, "మీ నాయనకియ్యి బిడ్డా" అని ముందుకు నడిచాడు. తండ్రి తల ఎత్తలేదు కానీ, ఆకు తీసుకుని అంగీ జేబులో వేసుకున్నాడు. సగం పని అయిందనే అనుకున్నాను.

కురుక్షేత్రంలోనూ ఆ కట్టుబాట్లు నిలవలేదు. అభిమన్యుణ్ణి చుట్టుముట్టి చంపారు. ఆ తర్వాత ఆయుధం వదిలేసిన ద్రోణుడి తల తెగింది, రథచక్రం ఎత్తుతున్న కర్ణుడు కూలాడు, దుర్యోధనుడి తొడ విరిగింది. ప్రతిసారీ ముందు జరిగిన అధర్మమే సాకు. "అప్పుడు మీవాళ్లు అన్నప్పుడు నువ్వెక్కడున్నావ్?" అని ఇప్పుడు మనం అడిగేదీ అదే.

అందుకే నేను ధర్మరాజు దగ్గరికి వెళ్తాను. గీత ముగిసింది, శంఖాలు మోగాయి. అప్పుడు ఆయన కవచం విప్పి, ఆయుధాలు పక్కన పెట్టి, కాలినడకన శత్రుసేనలోకి వెళ్లాడు. తమ్ముళ్లు కంగారుపడ్డారు. ఆయన భయపడి లొంగిపోతున్నాడని కౌరవ సైనికులు అనుకున్నారు. ఆయన భీష్ముడి పాదాలు పట్టుకుని, మీతో యుద్ధం చేస్తాం, అనుమతించి ఆశీర్వదించండి అన్నాడు. నువ్విలా రాకపోయుంటే శపించేవాణ్ణి, సంతోషించాను, గెలుస్తావు అన్నాడు తాత. నేను కౌరవుల పక్షానే పోరాడాలి, అది కాక ఇంకేం కావాలో అడుగు అని కూడా అన్నాడు.

నా అవతలి పార్టీ స్నేహితుల దగ్గర నాకు కావలసిందీ ఇంతే. ఓటు అడగను. అర్ధరాత్రి ఆస్పత్రికి తోడు రమ్మని అడగాలి, కూతురి సంబంధం గురించి వాకబు చేయమని అడగాలి, వాళ్లు నన్ను అడగాలి. మర్నాడు టీ కొట్టు దగ్గర రాజధాని గురించి మళ్లీ గట్టిగా వాదించుకుంటాం.