చీటీ పళ్ళెంలో వేస్తామా?

డిసెంబరులో స్టాక్‌హోమ్‌లో మధ్యాహ్నం మూడు కాకుండానే సూర్యుడు అస్తమిస్తాడు. నేను ఉద్యోగంలో చేరిన మొదటి చలికాలంలో, అలాంటి ఒక చీకటి మధ్యాహ్నం, కోడ్‌లో ఒకే ఒక్క వాక్యం రాసి ఆ రాత్రి వచ్చిన పార్సెళ్ళ వివరాలేవీ నమోదు కాకుండా చేశాను.

మా పని ఎలిక్సిర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో. పార్సెల్ వివరం వస్తుంది; చిరునామా శుభ్రం చేయాలి, పిన్‌కోడ్ సరిచూడాలి, బరువును బట్టి ధర కట్టాలి, భద్రపరచాలి. ఒక్కో పనికి ఒక్కో చిన్న ఫంక్షన్, అంటే విలువ తీసుకుని ఫలితం ఇచ్చే కోడ్ ముక్క. వాటిని |> గుర్తుతో ఒకదాని కింద ఒకటి పేరుస్తాం. పైది ఇచ్చిన ఫలితం కిందిదానికి మొదటి ఆర్గ్యుమెంటుగా, అంటే దానికి అందించే విలువల్లో మొదటిదిగా, చేరుతుంది. కోడ్ చదువుతూ పోతే పని జరిగే క్రమమే కళ్ళకు కడుతుంది. ఈ భాషలో నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

స్వీడన్ పిన్‌కోడ్‌కు ఐదు అంకెలు. మూడు అంకెల తర్వాత కాస్త ఖాళీ వదిలి రాస్తారు, కొందరు వదలరు. ఆ ఖాళీని తీసేసే ఫంక్షన్ నాది. సరిగ్గా నడుస్తోందో లేదో చూసుకోవడానికి దాని చివర ఒక లాగ్ వాక్యం, అంటే ఏం జరిగిందో నమోదు చేసే వాక్యం, చేర్చాను. ఎలిక్సిర్‌లో ఫంక్షన్ చివరి వాక్యం విలువే ఆ ఫంక్షన్ ఫలితం. లాగ్ వాక్యం ఇచ్చే విలువ :ఓకే అన్న ఒక్క మాట. కింద ఉన్న ఫంక్షన్‌కు పార్సెల్ బదులు ఆ మాట చేరింది. అక్కడ ప్రోగ్రాం పడిపోయి ఉంటే పది నిమిషాల్లో తెలిసిపోయేది. కానీ ఆ ఫంక్షన్‌లో, ఏది వచ్చినా ఖాళీ ఫలితం ఇచ్చి ఊరుకునే క్లాజు (ఫంక్షన్‌లో ఒక భాగం) ఒకటి ఉంది. అదీ నేను రాసిందే, జాగ్రత్త అనుకుని రాశాను. తెల్లవారేదాకా ఒక్క హెచ్చరిక రాలేదు.

మూల వివరాలు భద్రంగా ఉండబట్టి మర్నాడు మళ్ళీ నడిపించగలిగాం. ఎవరు చేశారని మా బృందంలో ఎవరూ అడగలేదు. ఎలా జరిగిందో రాయమన్నారు. అదే నాకు ఎక్కువ కష్టమనిపించింది. తిడితే తల వంచుకుని ఊరుకోవచ్చు, కారణం రాయాలంటే దాన్ని అర్థం చేసుకోవాలి.

ఆ ఆదివారం అమ్మకు ఫోను చేశాను. మాది కాశీబుగ్గ. అమ్మ ఇరవై ఏళ్ళు జీడిపప్పు ఫ్యాక్టరీలో పొర తీసే పని చేసింది. జీడిపిక్కలను ఆవిరిలో ఉడికించి ఆరబెడతారు. చేతులకు నూనె రాసుకుని ఒక్కో పిక్కనూ కోసి పప్పు తీస్తారు. పెంకులోని జీడి రసం తగిలితే చర్మం కాలుతుంది. ఆ పప్పును వేడిలో ఆరబెట్టాక అమ్మవాళ్ళ ముందుకు పళ్ళెం వస్తుంది. చిన్న కత్తి మొనతో పొర గీకి పక్కకు జరిపితే గుండ్లు, బద్దలు వేరుచేసేవాళ్ళు అందుకుంటారు. చిన్నప్పుడు బడి సెలవుల్లో నేను అమ్మ పక్కనే కూర్చునేదాన్ని. పొర వదలని గింజను అమ్మ గట్టిగా గీకేది కాదు. దాన్ని వేరే గిన్నెలో వేసేది, అది మళ్ళీ వేడికి వెళ్ళేది.

జరిగింది నాకు చేతనైనట్టు చెప్పాను. అమ్మ కాసేపు ఆలోచించింది.

"నా ముందుకు వచ్చేదీ పప్పే, నా చేతి నుంచి వెళ్ళేదీ పప్పే కదమ్మా. ఎన్ని కిలోలు తీశానో చీటీ మీద రాసుకుంటాను. ఆ చీటీ నా ఒళ్ళో ఉంచుకుంటాను గానీ పళ్ళెంలో వేస్తానా?"

నేను చేసింది సరిగ్గా అదే. పప్పు నా దగ్గర ఉంచేసుకుని పళ్ళెంలో చీటీ వేశాను.

చీటీ ఒళ్ళో ఉంచుకోవడానికి ఎలిక్సిర్‌లో ఏర్పాటు ఉంది. 2021లో వచ్చిన 1.12 వెర్షన్‌లో 'ట్యాప్' చేర్చారు. అది తనకు వచ్చిన విలువను మనం ఇచ్చిన ఫంక్షన్‌కు చూపించి, ఫలితంతో పనిలేకుండా మొదటి విలువనే కిందికి పంపుతుంది. విలువను తెర మీద చూపించే ఐఓ.ఇన్‌స్పెక్ట్ కూడా తనకు అందినదాన్నే తిరిగి ఇస్తుంది కాబట్టి వరుస మధ్యలో ఎక్కడైనా పెట్టవచ్చు. తెర మీద మాటలు రాసే ఐఓ.పుట్స్ అలా కాదు, అదీ :ఓకేనే ఇస్తుంది.

ఆర్గ్యుమెంట్ల వరుస గురించి మాత్రం నేను గట్టిగా పట్టుబడతాను. ఎఫ్‌షార్ప్, ఓకామల్ అనే వేరే ప్రోగ్రామింగ్ భాషల్లో అసలు విలువను చివర ఉంచుతారు, ఎందుకంటే అక్కడ |> గుర్తు ఆర్గ్యుమెంట్లలో చివరిదాన్ని నింపుతుంది. ఎలిక్సిర్‌లో అది మొదట ఉండాలి. ఎఫ్‌షార్ప్ నుంచి వచ్చిన మా సహోద్యోగి ఒకరు పాత అలవాటులో చివర ఉంచి, అడుగడుగునా 'దెన్' వాడి సర్దుకునేవారు. వచ్చిన విలువను మనం ఇచ్చిన ఫంక్షన్‌కు అందించి, దాని ఫలితాన్ని కిందికి పంపే 'దెన్' మంచి సాధనమే. కానీ ఒకే ఫంక్షన్ కోసం మూడోసారి వాడుతున్నామంటే సరిచేయాల్సింది ఆ ఫంక్షన్‌నే. ఈ మాట కాఫీ విరామంలో, స్వీడన్‌వాళ్ళు ఫీకా అంటారు, పళ్ళేల కథతో సహా ఆయనకు చెప్పాను. ఆయన మర్నాడే మార్చారు.

ఇప్పుడు ఏప్రిల్. కాశీబుగ్గ వచ్చాను. సెలవుతో పాటు కొన్ని రోజులు ఇక్కడినుంచే పని. స్టాక్‌హోమ్‌లో తొమ్మిదైతే కాశీబుగ్గలో పన్నెండున్నర. నిన్న కొత్తగా చేరిన అబ్బాయి ఒక ఫంక్షన్ పంపాడు. పిన్‌కోడ్ ఉంటే పార్సెల్ ఇస్తోంది, లేకపోతే నిల్, అంటే 'ఏమీ లేదు' అనే విలువ, ఇస్తోంది. కిందివాళ్ళకు నిల్ చేరితే ఏం చేయాలో తెలియదు. విఫలమయ్యే పని అయితే 'ఓకే'తో విలువను, 'ఎర్రర్'తో కారణాన్ని జంటగా ఇవ్వమని, అలాంటివాటిని |> వరుస నుంచి తీసి ఏ అడుగు విఫలమైనా అక్కడే ఆగే 'విత్'లో పెట్టమని రాశాను.

"ఏమిటమ్మా, అంత సేపు రాస్తున్నావు?" అని అడిగింది అమ్మ.

"పొర వదలని గింజకు వేరే గిన్నె పెట్టమంటున్నానమ్మా."

సాయంత్రానికి అతను మార్చి పంపాడు. పాత క్లాజును, ఏది వచ్చినా ఖాళీ ఇచ్చేదాన్ని, మరో రెండు చోట్ల చూశానని, వాటినీ తీసేయమంటారా అని అడిగాడు. తీసేయమన్నాను.