ప్రోటియోమిక్స్ బైపీసీ వాళ్ల సొత్తు కాదు

ప్రోటియోమిక్స్ అంటే ఒక శాంపిల్‌లోని ప్రోటీన్లన్నిటినీ కలిపి చదవడం. దానికి ముఖ్యమైన సాధనం మాస్ స్పెక్ట్రోమెట్రీ, అంటే అణువుల బరువు తూచే పద్ధతి. అందులో చేసిన పనికి 2002లో కెమిస్ట్రీ నోబెల్ పంచుకున్న కొయిచి తనాకా చదివింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్. హైదరాబాద్‌లో ఎంఎస్సీ, బీఫార్మసీ, బీటెక్ పిల్లలందరూ ఈ ఒక్క మాట గుర్తుంచుకోవాలి.

శాంపిల్ దగ్గర కెమిస్ట్రీ, ఫార్మసీ చదివినవాళ్ల చెయ్యి పడితే ఎంత తేడానో! యూరియాలో కరిగించిన ప్రోటీన్‌ని వేడిచేయకూడదు. యూరియా నుంచి పుట్టే సయనేట్ పెప్టైడ్‌లకు (ప్రోటీన్ ముక్కలకు) అతుక్కుని ఒక్కోచోట 43 డాల్టన్ల బరువు పెంచుతుంది, బరువుల్ని డేటాబేస్‌తో పోల్చే సెర్చ్‌లో ఆ పెప్టైడ్ దొరకదు. ప్రోటీన్‌ని ముక్కలు చేసే ఎంజైమ్ ట్రిప్సిన్‌ని వేసేముందు యూరియాని 1 మోలార్‌కి పలచన చేయాలి, లేకపోతే ఎంజైమ్ మందగిస్తుంది. 50 మైక్రోగ్రాముల ప్రోటీన్‌కి 1 మైక్రోగ్రామ్ ట్రిప్సిన్, 37 డిగ్రీల దగ్గర రాత్రంతా. గ్లవ్స్ లేకుండా ట్యూబ్ ముట్టుకుంటే మన చర్మంలోని కెరాటినే ఫలితాల్లో పైన కూర్చుంటుంది.

రాజేంద్రనగర్ వైపు అగ్రికల్చర్ చదివి వచ్చినవాళ్లకి ఆకు సంగతి తెలుసు: ఆకులో విపరీతంగా ఉండే రూబిస్కో అనే ప్రోటీన్ ఒక్కటే మిగతా ప్రోటీన్లను కప్పేస్తుంది, ప్రయోగానికి అడ్డొచ్చే ఫినాలిక్స్ అనే మొక్కల రసాయనాలు వదలాలంటే టీసీఏ (ట్రైక్లోరోఎసిటిక్ యాసిడ్)-అసిటోన్‌తో ప్రోటీన్‌ని అవక్షేపించాలి. వెటర్నరీ వాళ్లకి ప్లాస్మాలో అల్బుమిన్‌తో అదే తంటా.

ఇక స్టాటిస్టిక్స్ వాళ్లు. వీళ్లని చివర్లో పిలవడం పెద్ద పొరపాటని నా గట్టి అభిప్రాయం. ఒకే శాంపిల్‌ని మూడుసార్లు ఇంజెక్ట్ చేస్తే అవి మూడు బయలాజికల్ రెప్లికేట్లు (వేర్వేరు జీవుల నుంచి విడిగా తీసిన శాంపిళ్లు) కావు. ఆ మాట ప్రయోగానికి ముందే చెప్పేవాళ్లు ఉండాలి. తప్పుడు గుర్తింపులు 1 శాతం మించకుండా డికాయ్ సెర్చ్ (నకిలీ ప్రోటీన్ల జాబితాలోనూ వెతికి తప్పులు అంచనా వేయడం) పెట్టడమూ వాళ్ల పనే.

ఎంపీసీ నుంచి వచ్చేవాళ్లు ముందు పిపెట్ పట్టడం, బైపీసీ వాళ్లు స్టాటిస్టిక్స్‌కి వాడే ఆర్ (R) ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ నేర్చుకోండి.