వెర్రి కుచ్చుకు అంటు కట్టవచ్చా?

మామిడి నారులో ఏదైనా మొక్క కొసన పొట్టి ఆకులు కుచ్చుగా గుమిగూడితే, కడియం చుట్టుపక్కల నర్సరీల్లో పని తెలిసినవారెవరూ దానికి అంటు కట్టరు, పీకి కాల్చివేస్తారు. ఫ్యుజేరియం అనే శిలీంధ్రం వల్ల వచ్చే ఈ తెగులు 1891లోనే బీహార్‌లోని దర్భంగాలో నమోదైంది. అంటు కోసం కోసే పుల్లతో అంటుకు, అంటుతో కొత్త తోటకు పాకే రోగం కనుక కాల్చివేయడమే సరైన పని. అయితే చలి దేశాల్లో సూదుల్లాంటి ఆకులుండే పైన్, స్ప్రూస్ చెట్ల మీద చూపులకు ఇటువంటి కుచ్చే కనిపిస్తే, అక్కడి మొక్కల పెంపకందారులు ఎంత ఎత్తుకైనా ఎక్కి దాని కొమ్మలు కోసి తెచ్చి అంట్లు కడతారు. వారి రాక్ గార్డెన్లలోని మరుగుజ్జు కోనిఫర్ (పొలుసుల కాయల్లాంటి కోన్లు వేసే చెట్ల) రకాలు ఎన్నో ఆ దారిలోనే పుట్టాయి. అంట్ల మీద బతికే ఊళ్లో ఉంటున్నవాడిగా ఈ తేడా నన్ను చాలాకాలంగా వెంటాడుతోంది.

కుచ్చు అనేది లక్షణం మాత్రమే. మామూలుగా కొమ్మ కొసనున్న మొగ్గ నుంచి కిందికి దిగే ఆక్సిన్ అనే హార్మోను పక్క మొగ్గలను లేవనివ్వదు. ఆ అదుపు తప్పినప్పుడు మొగ్గలన్నీ ఒక్కసారిగా చిగురించి, కణుపులు దగ్గరపడి, కొమ్మ చీపురుకట్టలా తయారవుతుంది. అదుపు తప్పించేవి అనేకం ఉన్నాయి. ఫర్ చెట్ల మీద తుప్పు తెగులు శిలీంధ్రాలు ఆ పని చేస్తాయి. పశ్చిమ అమెరికా పైన్ అడవుల్లో, మన మామిడి మీది బదనికకు దూరపు బంధువైన ఆర్సీతోబియం అనే పరాన్నమొక్క చేస్తుంది. మన వంగలోను, నువ్వులోను దీపపు పురుగులు మోసుకొచ్చే ఫైటోప్లాస్మా అనే బాక్టీరియా జాతి సూక్ష్మజీవి చేస్తుంది, దానినే మన రైతులు వెర్రి తెగులు అంటారు. ఇవేవీ లేకుండా, ఒకానొక మొగ్గలోని కణంలో జన్యువు మారి, ఆ మొగ్గ నుంచి వచ్చిన ప్రతి రెమ్మా పొట్టిగానే పెరగడం మరొక రకం. అంటుకు కావలసినది ఈ చివరి రకం కుచ్చు మాత్రమే.

ఆ మార్పు నిజంగా జన్యువులోనే ఉందనడానికి విత్తనాలే సాక్ష్యం. అటువంటి కుచ్చుల మీద ఎక్కువగా ఆడ కోన్లే వస్తాయి. పుప్పొడి చుట్టూ ఉన్న మామూలు చెట్ల నుంచి అందుతుంది. ఆ విత్తనాలు నాటితే దాదాపు సగం మొక్కలు మరుగుజ్జులుగా, సగం మామూలుగా పెరుగుతాయి. అమెరికాలోని కనెక్టికట్ విశ్వవిద్యాలయంలో సిడ్నీ వాక్స్‌మన్ అనే ఆచార్యుడు ఈ పనికే ఏళ్ల తరబడి అంకితమై, చేతికందని ఎత్తులోని కోన్లను తుపాకితో కొట్టి దింపి, వాటి విత్తనాల నుంచి 'సీ అర్చిన్' వంటి పైన్ రకాలను ఎంపిక చేశాడు. కాని విత్తనపు మొక్కలు ఒకదానితో ఒకటి పోలవు, పైన్ కొమ్మలు వేళ్లు వేయడమా చాలా కష్టం. కనుక దొరికిన కుచ్చును ఉన్నది ఉన్నట్టుగా నిలుపుకోవాలంటే అంటు తప్పదు.

అంటు పద్ధతి మనకు కొత్తది కాదు. మనం మామిడికి కట్టే వెనీర్ అంటునే వారూ కడతారు. అయితే మనం గాలిలో తేమ ఉండే వానాకాలం కోసం చూస్తే, వారు చెట్టు నిద్రలో ఉండే నడి చలికాలంలో పుల్లలు కోస్తారు. వేరు మొక్కను, అంటే అంటును మోసే మొక్కను, ముందుగానే గాజు ఇంట్లోకి తెచ్చి, కుండీ అంచున తెల్లని వేరుకొసలు కదిలిన తరువాతే కత్తి పెడతారు. సపోటాకు వేరు మొక్కగా పాల మొక్క కుదిరినట్టు ఇక్కడా చుట్టరికం చూడాలి: అయిదేసి సూదులుండే పైన్‌లకు ఆ వర్గపు తెల్ల పైన్, రెండేసి సూదులుండేవాటికి స్కాట్స్ పైన్, స్ప్రూస్‌లకు నార్వే స్ప్రూస్. కుచ్చు నుంచి తీసిన పుల్ల తరచు అగ్గిపుల్లంత సన్నగా ఉంటుంది. కింది సూదులు తీసివేసి, ఒక పక్క పొడవుగా, రెండో పక్క కురచగా చెక్కి, వేరు మొక్క బెరడులో అదే కొలతకు చీల్చిన నాలుక వెనుక కూర్చోబెడతారు. పుల్ల సన్నం, కాండం లావు కనుక రెండంచులూ కలవవు. ఒక అంచునైనా బెరడు కిందనున్న పచ్చని పొర పచ్చని పొరకు ఆనాలి. జిగురు కత్తికి అంటుకుని కోత గరుకవుతుంది కాబట్టి కత్తిని స్పిరిటుతో తుడుస్తూ ఉండాలి. అంటు పట్టాక మామిడికి చేసినట్టు వేరు మొక్క తలను ఒకేసారి నరకకూడదు. అంటు సొంతంగా పెరుగుదల చూపేవరకు వేళ్లను పోషించేది ఆ పచ్చదనమే, దానిని విడతలవారీగా తగ్గిస్తూ పోవాలి. ఆ తరువాత కావలసినదంతా ఓపికే. అమెరికన్ కోనిఫర్ సొసైటీ లెక్కలో మరుగుజ్జు అంటే ఏడాదికి 2.5 నుంచి 15 సెంటీమీటర్లు పెరిగేది. అంతకన్నా తక్కువ పెరిగితే దానిని మినియేచర్ అంటారు.

ఈ స్ప్రూస్‌లను తెచ్చి గోదావరి లంకల్లో పెంచుదామనుకోవద్దు. చలికాలపు నిద్ర లేనిదే అవి ఎక్కువకాలం నిలవవు. మన దగ్గర క్రిస్మస్ చెట్టుగా అమ్ముడయ్యే అరకేరియా కోనిఫరే గాని, దాని పక్క కొమ్మను నాటితే నేల వాలుగానే పాకుతుంది తప్ప నిటారుగా లేవదు. దానిని కొత్త రకమని అమ్మడం న్యాయం కాదు: అక్కడ మారినది జన్యువు కాదు, కొమ్మ తానున్న చోటి అలవాటును వదలలేదంతే.

మనకు పనికివచ్చేది ఆ పరీక్షా దృష్టి. మొగ్గలో వచ్చిన మార్పు మన నర్సరీలకు అన్నం పెడుతూనే ఉంది: కాగితపు పూలలో మేరీ పామర్ అనే రకం అలా మిసెస్ బట్ అనే రకపు కొమ్మ మీద పుట్టినదే. కనుక మందారం మీదనో, కాగితపు పూల తీగ మీదనో ఒక పొట్టి కుచ్చు కనబడితే వెంటనే పారవేయకుండా, వెంటనే వందల్లో కట్టకుండా, ఆరోగ్యంగా ఉన్న అదే జాతి మొక్కల మీద కొన్ని అంట్లు కట్టి, తల్లి మొక్కలకు దూరంగా పురుగు చొరని వలలో ఉంచాలి. తరువాత చూడవలసినది అంటును కాదు, అంటు కింద వేరు మొక్క వేసే సొంత చిగుళ్లను. అవి కూడా కుచ్చు కడితే లోపల రోగం ప్రవహిస్తున్నట్టే. చిగురు తరువాత చిగురు మామూలుగానే వస్తూ, పైన అంటు మాత్రమే పొట్టిగా నిలిస్తే, మార్పు మొగ్గలోనే ఉందని నమ్మవచ్చు.

దీనికొక చిక్కు ఉంది, చెప్పి తీరాలి. డిసెంబరులో ఎర్రగా మెరిసే పాయిన్‌సెటియాలు కుండీలో గుబురుగా కొమ్మలు వేయడానికి కారణం ఫైటోప్లాస్మాయేనని 1997లో శాస్త్రవేత్తలు తేల్చారు. అంటే అక్కడ రోగమే సరుకు, అంటుతోనే అది ఒక మొక్క నుంచి మరొక మొక్కకు చేరుతుంది. ఆ ఒక్క ఉదాహరణ చూపి రోగపు కుచ్చులను పెంచవచ్చని వాదించేవారితో నేను ఏకీభవించను. ఒకవైపు వంగ, ఒకవైపు నువ్వు పండే ఈ నేలలో ఫైటోప్లాస్మాను పోషించే మొక్కలను వరుసలుగా నిలబెట్టడం పక్క చేనుకు అన్యాయం. ఇక మామిడి కుచ్చు విషయంలో పరీక్ష కూడా వద్దు. దానిని ఎప్పటిలాగే కాల్చివేయాలి, అది కనిపించిన చెట్టు నుంచి పుల్ల కోయకూడదు.