నమ్మకం ఉన్నవాళ్ళకే సెక్యులరిజం ఎక్కువ అవసరం

మొన్న ఒకే వారంలో ఇద్దరు నన్ను ఒకటే ప్రశ్న అడిగారు, అదీ చెరో వైపు నుంచి. మా బాబాయ్ ఫోన్ చేసి "ఏమ్మా, పొద్దున లేస్తే ప్రార్థన చెయ్యకుండా పనిలోకి దిగవు, మరి నువ్వు కూడా సెక్యులరిజం అంటావేంటి?" అన్నాడు. రెండు రోజులకి, దేవుడు లేడనే నా ఫ్రెండ్, చాలా ఏళ్ళ స్నేహం మాది, "నువ్వు సెక్యులర్ అంటే నాకు నమ్మబుద్ధి కావట్లేదే, మీవాళ్ళ మాట చెల్లే రోజొస్తే నువ్వూ వాళ్ళ వైపే ఉంటావు" అంది. బాబాయ్‌కి సగం సమాధానమే చెప్పగలిగా, ఆమెకి అదీ చెప్పలేకపోయా, అందుకే కూర్చుని రాస్తున్నా. నా మతం ఏదో ఇక్కడ చెప్పట్లేదు. దాచాలని కాదు, చెప్తే చదివేవాళ్ళు వాదన వదిలేసి మతాన్ని పట్టుకుంటారు, ఆ తర్వాత నేనేం చెప్పినా తలకెక్కదు.

ముందు ఒకటి ఒప్పుకోవాలి. సెక్యులరిజం అనే మాట పుట్టించింది దేవుణ్ణి నమ్మనివాడే. ఇంగ్లండులో జార్జ్ జేకబ్ హోలియోక్ అనే ఆయన 1851లో ఆ మాట వాడకంలోకి తెచ్చాడు, అంతకుముందు 1842లో దైవదూషణ కేసులో ఆరు నెలలు జైల్లో ఉన్నాడు కూడా. కాబట్టి ఆ మాట వినగానే బాబాయ్ లాంటివాళ్ళకి నాస్తికత్వం వాసన కొట్టిందంటే వాళ్ళని తప్పు పట్టలేను. కానీ ఆ మాట కంటే ఆ ఆలోచన రెండొందల ఏళ్ళు పెద్దది, దాన్ని మోసినవాళ్ళలో చాలామంది నాకంటే, బాబాయ్ కంటే కూడా ఎక్కువ భక్తి ఉన్నవాళ్ళు.

నా వరకు ఇది పుస్తకాల్లో మొదలవలేదు. కొన్నేళ్ళ క్రితం ఒక ప్రభుత్వ ట్రైనింగ్‌కి వెళ్ళా, రోజూ మొదట్లో అందర్నీ నిలబెట్టి ప్రార్థన చేయించేవాళ్ళు, అది మా మతం ప్రార్థనే, చిన్నప్పట్నుంచి నాకు కంఠతా వచ్చింది, నాకు చాలా హాయిగా ఉండేది. మూడో రోజో నాలుగో రోజో కళ్ళు తెరిచి పక్కకి చూస్తే, వేరే మతం ఆయన ఒకాయన, వయసులో పెద్దాయన, తల దించుకుని పెదాలు ఊరికే కదుపుతున్నాడు. పదాలు రావు ఆయనకి. ఎవరూ ఏమీ అనకూడదని కదుపుతున్నాడు. ఆ క్షణంలో నాకు కలిగింది జాలి కాదు, సిగ్గు. ఎందుకంటే నేను ప్రాణంగా చూసుకునే మాటలు ఆయనకి ఉద్యోగం కోసం కట్టే పన్నులాగా అయిపోయాయి, ఆ పన్ను వసూలు చేసేవాళ్ళ పక్షాన నేను కళ్ళు మూసుకుని నిలబడ్డా. ఆయన పెదాలు కదిపితే నా దేవుడికి ఏం ముట్టింది? ఆ రోజు నుంచి ఇప్పటిదాకా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

చాలా కాలం తర్వాత రోజర్ విలియమ్స్ గురించి చదివినప్పుడు, నా ప్రశ్నే ఈయన నాలుగు వందల ఏళ్ళ క్రితం అడిగాడనిపించింది. ఈయన క్రైస్తవ బోధకుడు, 1631లో ఇంగ్లండు నుంచి అమెరికాలోని బోస్టన్ వచ్చాడు. అక్కడ మసాచుసెట్స్ పాలకులు చర్చికి రాకపోతే, సిద్ధాంతం తేడాగా మాట్లాడితే శిక్షలు వేసేవాళ్ళు. మనిషికీ దేవుడికీ మధ్య విషయంలో మేజిస్ట్రేటుకి పనేంటి అన్నందుకు, ఇంకా కొన్ని మాటలన్నందుకు, 1635లో బహిష్కరించారు. మంచులో నడుచుకుంటూ వెళ్ళి, నరగాన్సెట్ అనే అక్కడి ఆదివాసీ తెగవాళ్ళ దగ్గర భూమి తీసుకుని 1636లో ప్రావిడెన్స్ అనే ఊరు మొదలుపెట్టాడు. అక్కడి కట్టుబాటు ఏంటంటే, ఊరి నిర్ణయాలు లౌకిక విషయాల్లో మాత్రమే చెల్లుతాయి, ఆరాధన జోలికి రావు.

ఈయన భక్తి తక్కువై అలా చేశాడా అంటే అస్సలు కాదు, మహా పట్టుదల మనిషి, తన లెక్క ప్రకారం స్వచ్ఛంగా లేని చర్చిలో కూర్చోవడానికి కూడా ఒప్పుకోనంత. బలవంతపు ఆరాధన దేవుడి ముక్కుకి కంపు కొడుతుందన్నాడు. చర్చి ఒక తోట, లోకం ఒక అడవి, మధ్యలో కంచె కావాలి అని 1644లోనే రాశాడు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మతానికీ ప్రభుత్వానికీ మధ్య గోడ అనగానే మనకి గుర్తొచ్చేది అమెరికా అధ్యక్షుడు జెఫర్సన్ 1802లో రాసిన ఉత్తరం, అది కూడా ఆయన రాసింది డాన్‌బరీ ఊరి బాప్టిస్టులనే క్రైస్తవ శాఖవాళ్ళకి, అంటే భక్తులకే. కానీ అంతకు నూట యాభై ఏళ్ళ ముందే విలియమ్స్ ఆ కంచె వెయ్యమన్నది అడవిని కాపాడ్డానికి కాదు, తోటని కాపాడ్డానికి.

అమెరికాలోనే వర్జీనియా రాష్ట్రంలో జరిగింది ఇంకా బాగుంటుంది. 1784లో అక్కడి నాయకుడు ప్యాట్రిక్ హెన్రీ వాళ్ళు క్రైస్తవ బోధకుల జీతాల కోసం పన్ను వెయ్యాలని బిల్లు తెచ్చారు, పైకి మతానికి మేలు చేసే బిల్లే. దాని మీద గట్టిగా తిరగబడ్డవాళ్ళలో నాస్తికులు కాదు, బాప్టిస్టులు ముందున్నారు, ఎందుకంటే లైసెన్సు లేకుండా బోధించారని వాళ్ళ బోధకులు అప్పటికే జైళ్ళు చూసొచ్చారు, ప్రభుత్వం చెయ్యి పడితే మతం ఏమవుతుందో వాళ్ళకి తెలుసు. బిల్లు పోయింది, 1786లో మతస్వేచ్ఛ చట్టం వచ్చింది.

ఇప్పుడు బాబాయ్ అడిగిన అసలు ప్రశ్న, నేను సగమే చెప్పగలిగింది. "దేవుడు అన్నిటికీ పైన ఉన్నాడని నమ్మేదానివి, మరి ప్రభుత్వానికి మాత్రం పైన లేడా?" ఇది తేలిగ్గా తీసిపారేసే ప్రశ్న కాదు, నిజంగా నమ్మినవాళ్ళే అడగగలరు. ఉన్నాడు బాబాయ్. కానీ దేవుడి పేరు మీద ప్రభుత్వం నడిపితే కుర్చీలో కూర్చునేది దేవుడు కాదు, ఒక మనిషి, చేతిలో స్టాంపు, వెనకాల పోలీసు. దేవుడి మాట ఇదీ అని ఆ మనిషి తేలుస్తాడు, అతను తప్పు చేస్తే ఆ తప్పు కూడా దేవుడి ఖాతాలోకే పోతుంది. పైగా ఏ మతంలో అయినా పది శాఖలుంటాయి, ఆ కుర్చీలో మన శాఖవాడే కూర్చుంటాడని ఏంటి గ్యారంటీ? మసాచుసెట్స్‌లో 1659 నుంచి 1661 మధ్య క్వేకర్లనే ఇంకో క్రైస్తవ శాఖవాళ్ళని నలుగుర్ని ఉరి తీశారు, తీసినవాళ్ళూ పోయినవాళ్ళూ అందరూ ఏసుని నమ్మినవాళ్ళే.

గ్రంథాలు ఒప్పుకోవంటారు కొందరు. భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయంలో కృష్ణుడు చెప్పాల్సిందంతా చెప్పి, బాగా ఆలోచించుకుని నీకు ఎలా తోస్తే అలా చెయ్యి అంటాడు. మతంలో బలవంతం లేదని ఖురాన్ రెండో సూరాలో ఉంది. సీజరువి సీజరుకి, దేవుడివి దేవుడికి అన్నాడు ఏసు. ఇవే గ్రంథాల్లోంచి దీనికి ఎదురు వాదన తీసేవాళ్ళు కూడా ఉన్నారు, నాకు తెలుసు. నేను చెప్పేదల్లా, సెక్యులర్‌గా ఉండటానికి నేను నా గ్రంథాన్ని మూసి పెట్టక్కర్లేదు అని.

నా ఫ్రెండ్ భయం మాత్రం వేరు. ఓటు వేసేటప్పుడు నీ నమ్మకాన్ని బయట చెప్పుల దగ్గర వదిలేసి వస్తావా అని ఆమె అడగకుండానే అడుగుతోంది. వదలను, వదల్లేను, పేదవాడి గురించి నాకున్న పట్టింపు అంతా నా నమ్మకంలోంచి వచ్చిందే. మార్టిన్ లూథర్ కింగ్ కూడా పాస్టరే, ఆయన ఉద్యమం చర్చిల్లోనే పెరిగింది, కానీ చివరికి వచ్చిన 1964 పౌరహక్కుల చట్టం మా మతంలో ఉంది కాబట్టి పాటించండి అని ఎవర్నీ అడగదు, ఏ దేవుణ్ణీ నమ్మనివాడికి కూడా అదే రక్షణ ఇస్తుంది. నేను పెట్టుకున్న హద్దు అది. నన్ను కదిలించేది ఏదైనా కావచ్చు, ఇంకొకరి మీద చట్టం పెట్టాలంటే మాత్రం వాళ్ళకీ అర్థమయ్యే కారణం చెప్పాలి. ఇది నాకు ప్రతిసారీ తేలిక అని చెప్పను, కొన్ని విషయాల్లో నా మనసు ఒకటి చెప్తుంది, ఈ హద్దు ఇంకోటి చెప్తుంది, అప్పుడు నిద్ర పట్టదు.

అలాగే సెక్యులరిజం పేరుతో జరిగే ప్రతిదాన్నీ నేను వెనకేసుకు రాను. అల్బేనియాలో 1967లో గుళ్ళూ మసీదులూ చర్చిలూ అన్నీ మూసేసి నాస్తిక దేశం అని ప్రకటించుకున్నారు, అక్కడ కూడా దేవుడి గురించి ప్రభుత్వానికి ఒక అభిప్రాయం ఉంది, దాన్ని జనం మీద రుద్దింది, మసాచుసెట్స్ చేసిన పనే తిరగేసి చేసింది. ఫ్రాన్సు 1905 చట్టం నాకు నచ్చుతుంది, మొదటి ఆర్టికల్‌లో అంతరాత్మ స్వేచ్ఛకి హామీ ఇచ్చి, రెండో దాంట్లో ఏ మతాన్నీ గుర్తించం, జీతాలివ్వం అంటుంది. అదే ఫ్రాన్సు 2004లో ప్రభుత్వ బడి పిల్లలు కొట్టొచ్చినట్టు కనిపించే మతచిహ్నాలు పెట్టుకోకూడదంది, అది నాకు నచ్చదు. టీచరు ప్రభుత్వం తరఫున నిలబడింది సరే, పిల్ల ప్రభుత్వం కాదు కదా.

మళ్ళీ విలియమ్స్ దగ్గరికి వస్తా, బాబాయ్‌కి ఫోన్‌లో చివర్లో చెప్పింది ఇదే. ఆ క్వేకర్ల సిద్ధాంతం ఆయనకి అస్సలు గిట్టదు, పచ్చి తప్పనేవాడు, అయినా ఆయన ప్రావిడెన్స్ ఉన్న రోడ్ ఐలాండ్‌లో వాళ్ళకి చోటుంది, ఉరి లేదు, జైలు లేదు. 1672లో, దాదాపు 70 ఏళ్ళ వయసులో, వాళ్ళతో బహిరంగంగా వాదించడానికి ప్రావిడెన్స్ నుంచి న్యూపోర్ట్ దాకా పడవలో తనే తెడ్డు వేసుకుంటూ వెళ్ళాడు. అక్కడ మూడు రోజులు, మళ్ళీ ప్రావిడెన్స్‌లో ఒక రోజు వాదించాడు.

బాబాయ్ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఇంతకీ ఆ పెద్దాయన గెలిచాడా?" అని అడిగాడు.

రెండు వైపులవాళ్ళూ తమదే సరైందని తర్వాత పుస్తకాలు అచ్చేసుకున్నారు బాబాయ్, అని చెప్పా.